బాబుని అడగాలి



నాకు అరవై ఆరేళ్ళు. తెలుగు మాట్లాడటం చిన్నప్పుడే వచ్చింది. చదవడం మొదలుపెట్టి మాత్రం మూడేళ్ళు కూడా కాలేదు. మా నాన్నగారు రైల్వేలో పనిచేసేవారు. నేను ఖరగ్‌పూర్‌లో పుట్టాను, ఆ తర్వాత ఆయన బదిలీల వెంట తిరిగాను. ఏ ఊరు వెళ్ళినా ఇంగ్లీషు మీడియం స్కూలే. రెండో భాష హిందీ. తెలుగు అంటే అమ్మ అన్నం పెట్టే భాష, అమ్మ తిట్టే భాష. అక్షరాలు నాకు జంతికల చుట్టల్లా కనిపించేవి.

మీలో చాలామంది నాకంటే చిన్నవాళ్ళు. అమ్మానాన్నల భాష మళ్ళీ తెచ్చుకోవాలని నేర్చుకుంటున్నారు. నువ్వెందుకు మొదలుపెట్టావని ఎవరైనా అడిగితే, "రిటైర్ అయ్యాను కదా, టైముంది" అని చెప్తూ వచ్చాను. అది సగం నిజం. మిగతా సగం చెప్పాలంటే పాత వీడియో గేముల పాటల గురించి చెప్పాలి. నవ్వకండి. శనివారం గుళ్ళో మైకులు సర్ది, పులిహోర గిన్నెలు మోసే ముసలాయనకి మారియోతో ఏం పని అని మా వాలంటీర్లు ఇప్పటికే నవ్వారు.

మేము ఒహాయోలో ఉంటాం, కొలంబస్ దగ్గర. 1981లో చదువు కోసం వచ్చాను, మరుసటి ఏడాది పెళ్ళి. మా ఆవిడది విజయనగరం. ఆ ఊళ్ళో సంగీతం రాని ఇల్లు ఉండదని ఆవిడే చెప్పేది. అందులో కొంత గొప్ప ఉందనుకోండి. కానీ ఆవిడకి సంగీతం నిజంగా వచ్చు. గాత్రం, వీణ రెండూ నేర్చుకుంది. వీణ విమానంలో రాలేదు, గాత్రం వచ్చింది. ఆవిడ చెవికి ఏం పడినా స్వరం అయిపోయేది. మైక్రోవేవ్ మోగితే "పంచమం" అనేది. పక్కింటివాళ్ళ కారు హారన్‌కి కూడా ఒక స్వరం ఉండేది. నాకు సంగీతం రాదు. గుళ్ళో సౌండు చూసేవాడికి సంగీతం రాకపోవడమే మంచిదని ఇప్పటికీ నా నమ్మకం. పాడేవాళ్ళ గొడవల్లో తలదూర్చం.

మావాడు 1983లో పుట్టాడు. వాడికి ఆరేళ్ళు వచ్చిన క్రిస్మస్‌కి నింటెండో కొన్నాం. బూడిదరంగు పెట్టె. టీవీని మూడో ఛానెల్‌లో పెట్టాలి, క్యాసెట్ లోపలికి తోసి కిందికి నొక్కాలి. బొమ్మ రాకపోతే క్యాసెట్ తీసి నోటితో ఊదాలి. ఊదితే బాగవుతుందని ప్రపంచంలో పిల్లలందరికీ ఎవరు చెప్పారో! నిజానికి ఊదడం వల్ల లాభం లేదట, తీసి మళ్ళీ పెట్టడం వల్లే పనిచేసేదట. ఊపిరిలో తడికి లోపలి రేకులు పాడవుతాయి కూడా. మావాడు మాత్రం శంఖం ఊదినంత భక్తిగా ఊదేవాడు.

దానితో వచ్చిన ఆట సూపర్ మారియో బ్రదర్స్. ఆ పాట మీకు తెలుసు. తెలియనివాళ్ళు ఉండరు. కోజీ కోండో అనే ఆయన చేశాడు, 1985లో. ఇల్లంతా అదే పాట. పొద్దున అదే, సాయంత్రం అదే. నాకు తలనొప్పి. "ఆపరా ఆ గోల" అని ఆఫీసు నుంచి వస్తూనే అరిచేవాణ్ణి. మా ఆవిడ మాత్రం వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి వాడి వెనక నిలబడేది.

"కాసేపు ఎగరకుండా నిలబెట్టరా వాణ్ణి. పాట విననీ."

ఈ మాట వెనక ఒక సంగతి ఉంది. ఆ పెట్టెలో ఒక్కసారికి ఐదు శబ్దాలే వస్తాయి. రెండు గీరగా, కొంచెం ముక్కుతో పాడినట్టు ఉండే గొంతులు. ఒకటి మెత్తగా, వేణువులా ఉండే గొంతు, అది ఎక్కువగా కింది స్వరాలకి. ఒకటి ఇసక గిలక్కాయ ఊపినట్టు, తాళానికి. ఐదోది చిన్న చిన్న రికార్డు ముక్కలకి. అంతే. మారియో ఎగిరితే వచ్చే "బొయ్" శబ్దానికి వేరే గొంతు లేదు. పాట పాడుతున్న గొంతుల్లో ఒకటి ఆగి ఆ శబ్దం చేసి, మళ్ళీ పాటలోకి వెళ్ళాలి. కాబట్టి వాడు ఎగిరినప్పుడల్లా పాటలో ఒక ముక్క పోతుంది. నాకిదంతా చాలా ఏళ్ళ తర్వాత మావాడు చెప్తే తెలిసింది. ఆవిడకి మాత్రం ఎవరూ చెప్పకుండానే చెవికి తెలిసింది. అక్కడ ఏదో మింగేస్తోంది అనేది.

వాడు అమ్మ మాట విని మారియోని నిలబెట్టేవాడు. ఇద్దరూ కదలకుండా వినేవాళ్ళు. కానీ ఆ ఆటలో గడియారం ఉంటుంది. వంద కంటే తగ్గితే పాట ఒక్కసారి పరుగెడుతుంది. "రెండో కాలం అందుకున్నాడు!" అని ఆవిడ చప్పట్లు కొట్టేది. తర్వాత సున్నా వచ్చి మారియో చచ్చిపోయేవాడు. అమ్మకోసం ఎన్ని ప్రాణాలు పోగొట్టాడో లెక్కలేదు. నీళ్ళలో ఈదే చోట పాట వేరే. అది మూడు మూడుగా నడుస్తుంది. అక్కడికి వెళ్తే "తిస్రం వచ్చింది" అని తొడ మీద తాళం వేసేది. ఆ ఆట మొత్తం 40 కిలోబైట్లు. బొమ్మలు, పాటలు, అన్నీ కలిపి. ఇప్పుడు మన ఫోనులో తీసే ఒక్క ఫొటోలో పదో వంతు కూడా కాదు. మేఘాల బొమ్మ, పొదల బొమ్మ కూడా ఒకటేనట, రంగే మార్చారు. చోటు చాలక అలా చేశారు. మధ్యతరగతి సంసారం.

1991లో మావాడి పుట్టినరోజుకి గేమ్‌బాయ్ వచ్చింది. చేతిలో పట్టే పెట్టె. నాలుగు పెన్సిల్ బ్యాటరీలు. తెర పాలకూర ఉడికించిన నీళ్ళ రంగు. దాంతోపాటు టెట్రిస్ వచ్చింది.

ఆ ఏడాది ఎండాకాలం పిట్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్ళాం. ఈ దేశంలో పాతకాలం తెలుగువాళ్ళకి ఆ గుడి ఎంతో మీకు తెలియకపోవచ్చు. మా ఊళ్ళో అప్పటికి చెప్పుకోదగ్గ గుడి లేదు. మొక్కు ఉంటే పిట్స్‌బర్గే. మూడు గంటలు పైన డ్రైవింగ్. వెనక సీట్లో వాడు, వాడి పక్కన ఆవిడ, ఇద్దరి మధ్య గేమ్‌బాయ్. దారంతా అదే పాట. వెళ్ళేటప్పుడు అదే. పులిహోర, పెరుగన్నం తిని వచ్చేటప్పుడూ అదే.

మావాడు అప్పటికే అమ్మకోసం ఒక ఉపాయం కనిపెట్టాడు. ఆట మొదలుపెట్టే ముందు ఏ పాట కావాలో ఎంచుకునే తెర ఉంటుంది. ఎ, బి, సి, లేదా పాట వద్దు. అక్కడ ఎ మీద పెట్టి వదిలేస్తే పాట మోగుతూనే ఉంటుంది. ముక్కలు పడవు, శబ్దాలు అడ్డురావు, ఎవరూ చచ్చిపోరు. "అమ్మా, ఇది నీకు" అని పెట్టె ఆవిడ చేతికిచ్చి కిటికీలోంచి లారీలు చూసేవాడు. ఆవిడ చెవి దగ్గర పెట్టుకునేది, శ్రుతిపెట్టె పెట్టుకున్నట్టు.

శ్రుతిపెట్టె అంటే గుర్తొచ్చింది. అంతకు ముందు సెలవులకి వెళ్ళినప్పుడు ఆవిడ ఒక ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టె తెచ్చుకుంది. మీట నొక్కితే తంబురాలా మోగేది. పొద్దున్నే దాంతో సాధన. ఒకరోజు నేను గేమ్‌బాయ్‌ని తిడుతుంటే మావాడు అన్నాడు, "అమ్మ పెట్టె కూడా చిప్పే కదా నాన్నా. దాంట్లో ఒక్క పాట కూడా లేదు." నేను కంప్యూటర్ ఇంజనీర్ని. సమాధానం చెప్పలేకపోయాను.

ఆ కారులో ఇద్దరి మధ్యా, అంటే ఆవిడకీ ఆవిడకే, ఒక వాదన జరిగింది. "నటభైరవి," అనేది. కాసేపాగి, "కాదు. ఆ నెమ్మదిగా వచ్చే ముక్క కీరవాణి." మళ్ళీ వినేది. "ఏమండీ, వింటున్నారా? మొదట నటభైరవిలా వెళ్ళి తర్వాత మారుతున్నాడు." నేను స్టీరింగ్ పట్టుకుని, "అది ఆపితే నాకు ఎగ్జిట్ కనిపిస్తుంది" అన్నాను. ఆవిడ ఆపింది. ఇది రాస్తుంటే ఇప్పుడు సిగ్గేస్తోంది. ఎగ్జిట్ ఇంకా పది మైళ్ళుంది.

ఆ పాట సంగతి నాకు ఈమధ్యే తెలిసింది. అది గేము కోసం పుట్టింది కాదు. రష్యా జానపదం. పేరు కొరొబెయ్‌నికి. అంటే పెట్టె భుజాన వేసుకుని ఊరూరా తిరిగి బట్టలూ పూసలూ అమ్మేవాళ్ళు. మాటలు నెక్రాసోవ్ అనే కవి 1861లో రాసిన కావ్యం లోంచి వచ్చాయి. టెట్రిస్‌ని 1984లో మాస్కోలో పజిత్నోవ్ అనే ఇంజనీరు చేశాడు. ఆయన దగ్గరున్న కంప్యూటర్‌కి బొమ్మలు గీయడం రాదు. అందుకని ముక్కలని బ్రాకెట్ గుర్తులతో చూపించాడు. గేమ్‌బాయ్‌కి పాట కూర్చింది జపాన్‌లో హిరోకాజు తనాకా. రష్యా చిల్లర వ్యాపారి పాట, జపాన్ పెట్టెలోంచి, ఒహాయో హైవే మీద, విజయనగరం చెవిలోకి. ఆవిడ బతికుండగా ఈ సంగతి తెలిసుంటే ఎంత సంబరపడేదో. ఆవిడ దాన్ని "బాబు పెట్టె పాట" అనేది. పెట్టె మోసేవాడి పాటని తెలియకుండానే సరైన పేరుతో పిలిచింది.

ఇప్పుడు నా తప్పు చెప్పాలి.

1995 ఆగస్టు మొదటి శనివారం ఇంటి ముందు యార్డ్ సేల్ పెట్టాం. మావాడికి అప్పుడు పన్నెండేళ్ళు. ఆ ఏడాది లెక్కల్లో మార్కులు తగ్గాయి. నా లెక్కలో దానికి కారణం ఆ పెట్టెలే. వాడు స్నేహితుడి ఇంటికి వెళ్ళాడు. నేను గ్యారేజీ లోంచి పాత సామాను తెచ్చి బల్ల మీద పెడుతూ, నింటెండో, గేమ్‌బాయ్, క్యాసెట్లు అన్నీ ఒక అట్టపెట్టెలో వేసి అవీ పెట్టేశాను. పదిహేను డాలర్లు. ఎవరో ఒక నాన్న తన కొడుకు కోసం కొనుక్కెళ్ళాడు. ఆ పిల్లవాడి మొహం నాకింకా గుర్తుంది. వాడు ఎగిరి గంతేశాడు.

సాయంత్రం మావాడు వచ్చాడు. ఏడవలేదు. అరవలేదు. గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. రెండు వారాలు నాతో మాట్లాడలేదు, అమ్మతో కూడా సరిగ్గా మాట్లాడలేదు. మా ఆవిడ నన్ను ఏమీ అనలేదు. రాత్రి పడుకునే ముందు మాత్రం, "వాణ్ణి ఒక్కమాట అడగాల్సిందండీ" అంది. నేను దుప్పటి కప్పుకున్నాను.

తర్వాత అందరం మామూలయ్యాం. వాడు పెద్దవాడయ్యాడు, ఉద్యోగం, సియాటిల్‌లో కాపురం. వాడికి తెలుగు అర్థమవుతుంది, మాట్లాడితే నాలుగు ముక్కలు, చదవడం రాదు. అది కూడా నా ఖాతాలోనే. నాకే రానిది వాడికి ఎక్కడ నేర్పుతాను? ఆవిడ నేర్పుతానంటే "ముందు లెక్కలు" అన్నాను.

ఆవిడ 2022లో వెళ్ళిపోయింది. ఆ వివరాలు ఇక్కడ వద్దు.

2023 ఏప్రిల్‌లో ఒక వార్త చదివాను. అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ దేశంలో దాచిపెట్టాల్సిన రికార్డింగుల జాబితాలో మారియో పాటని చేర్చింది. వీడియో గేము పాటని చేర్చడం అదే మొదటిసారి. ఫోను పట్టుకుని వంటింటి వైపు తిరిగి "ఇదిగో, విన్నావా" అనబోయాను. మీలో ఎవరినైనా పోగొట్టుకున్నవాళ్ళకి ఈ పొరపాటు తెలుసు.

ఆ నెలలోనే ఆవిడ బీరువా తీశాను. చీరలు మరదళ్ళకి ఇచ్చేశాను. కింద అరలో పాట పుస్తకాలు ఉన్నాయి. అచ్చువి కాదు, ఆవిడ చేత్తో రాసుకున్న నోటు పుస్తకాలు, పదకొండు. విజయనగరంలో పాఠం చెప్పుకున్నప్పటి నుంచి రాసుకున్నవి. నలభై ఏళ్ళు నా ఇంట్లోనే ఉన్నాయి. ఒక్క పేజీ నేను చదవలేను. తెరిచి చూస్తే జంతికలు. నా భార్య చేతిరాత నాకు జంతికలు.

అందుకని తెలుగు మొదలుపెట్టాను. అదీ మిగతా సగం.

మా గుళ్ళో ఆదివారం పిల్లలకి తెలుగు క్లాసు ఉంటుంది. వెనక బల్ల మీద కూర్చుంటానని టీచరుగారిని అడిగాను. ఆవిడ మా కోడలి ఈడు. "అంకుల్ గారూ, ముందు బల్ల మీదే కూర్చోండి, మీకు కళ్ళజోడు కదా" అంది. ఏడేళ్ళ వాళ్ళ పక్కన కూర్చుని అ ఆ దిద్దాను. వాళ్ళు నాకంటే ముందు ఒత్తుల్లోకి వెళ్ళిపోయారు. ఒక పిల్ల రోజూ నా పలక చూసి, "తాతగారూ, మీ క కి తలకట్టు లేదు" అని దిద్దేది. వాళ్ళ సంచుల్లో గేము పెట్టెలు ఉంటాయి, స్విచ్ అంటారు. క్లాసు అయిపోగానే తీస్తారు. వాటి పాటలు బాగుంటాయి, పెద్ద ఆర్కెస్ట్రాలు, వంద వయొలిన్లు. విన్నాక ఒక్కటీ నోటికి రాదు. ఇది ముసలితనం మాటే కావచ్చు. కానీ నా లెక్క ఇది. ఐదు గొంతులున్నవాడు తప్పనిసరిగా మంచి వరస కట్టాలి, దాక్కోవడానికి ఇంకేమీ లేదు. పైగా అదే ముక్క గంటసేపు తిరుగుతుంది, విసుగు పుట్టకూడదు. మన భజన కూడా అంతే కదా. ఒక్క వరస, ఒక్క నామం, గంటన్నర. బాగా కట్టినది కాకపోతే పది నిమిషాలకే జనం చెప్పుల కోసం చూస్తారు. మైకు దగ్గర కూర్చునేవాడిని, నాకు తెలుసు.

నాకు మొదట వచ్చిన అక్షరాలు ఏవో తెలుసా? అ ఆ కాదు. స రి గ మ ప ద ని. పుస్తకాల నిండా అవే కాబట్టి. ఏడు అక్షరాలకి సగం పేజీ చదివేయొచ్చు! మొదటి వారం చాలా గర్వపడ్డాను. అక్షరాల మీదా కిందా ఉన్న చుక్కలని మాత్రం సిరా మరకలు అనుకున్నాను. టీచరుగారు నవ్వి, పైన చుక్క ఉంటే పై స్థాయి, కింద ఉంటే కింది స్థాయి అని చెప్పారు. మీదగా గీత ఉంటే వేగం రెట్టింపు.

ఆరో పుస్తకంలో ఒక పేజీ దగ్గర ఆగిపోయాను. మిగతా పేజీల్లో స్వరాల కింద పాట మాటలు ఉంటాయి. దీనికి మాటలు లేవు. స్వరాలే. పైన తేదీ, 12-8-95. నేను అమెరికా లెక్కలో డిసెంబరు అనుకున్నాను. ఆవిడ ఎప్పుడూ ఇండియా లెక్కలోనే రాసేదని తర్వాత గుర్తొచ్చింది. ఆగస్టు పన్నెండు. కింద ఒక పేరు ఉంది. కూడబలుక్కుని చదివాను. బ కి దీర్ఘం, బా. బ కి కొమ్ము, బు. బాబు. తర్వాత పె, ఆ పక్కన టె, దాని కింద ట ఒత్తు అని తెలుసుకోవడానికి అరగంట పట్టింది. బాబు పెట్టె పాట.

లేచి మంచినీళ్ళు తాగి వచ్చాను.

పేరు కింద "ఆది తాళం. నటభైరవి" అని ఉంది. దాని పక్కన "కీరవాణి" అని రాసి ప్రశ్న గుర్తు.

మావాడి చిన్నప్పటి కీబోర్డు అటక మీద ఉంది. అది నేను అమ్మలేదు, ఎందుకంటే లెక్కలకి అడ్డం రాలేదు. దింపి దుమ్ము తుడిచాను. ఆదివారం టీచరుగారిని అడిగితే ఆవిడే దారి చెప్పారు. "నటభైరవి అయితే మీకు సులువు అంకుల్ గారూ. ఎ మీద స పెట్టుకోండి, వరసగా తెల్ల మెట్లే నొక్కండి. నల్ల మెట్టు ఒక్కటీ అక్కర్లేదు." ఇంటికొచ్చి తెల్ల మెట్ల మీద చిన్న కాగితాలు అంటించాను. స రి గ మ ప ద ని. నా చేతిరాతతో.

ఒక వేలితో నొక్కడం మొదలుపెట్టాను. మొదట ప. అక్కడి నుంచి కిందికి, రి. మళ్ళీ పైకి. చూసి, వెతికి, నొక్కి, మళ్ళీ పేజీ చూసి. అలా అయితే పాట కాదు, టైపింగ్. మొదటి వరస నాలుగైదు సార్లు చేశాను. ఆరోసారి పేజీ చూడకుండా నొక్కాను, అప్పుడు వినిపించింది. పిట్స్‌బర్గ్ దారి వినిపించింది. వెనక సీటు వినిపించింది.

అప్పుడు తేదీ అర్థమైంది. నేను పెట్టెలు అమ్మిన వారానికి రాసింది. మళ్ళీ వినడానికి ఇంట్లో పెట్టె లేదు. ఉన్నంతవరకు రాయాలని ఆవిడకి తోచి ఉండదు, రోజూ మోగుతూనే ఉంది కదా. పోయాక, జ్ఞాపకం ఉన్నది ఉన్నట్టు దించింది. ఇంకో వందేళ్ళ తర్వాత ఎవరైనా ఈ పేజీ తీసి పాడుకోవచ్చు, కరెంటు అక్కర్లేదు, బ్యాటరీ అక్కర్లేదు. వంద వయొలిన్ల పాటైతే ఒక్క మనిషి ఒక్క పేజీలో ఇలా దించగలిగేది కాదు.

కానీ కింద సగంలో, నెమ్మదిగా వచ్చే ముక్కలో, ఏదో తేడాగా ఉంది. పేజీలో ఉన్నట్టే నొక్కుతున్నాను, పాట మాత్రం అక్కడికి వచ్చేసరికి ఒరుసుకుంటోంది. కింది స్థాయి ని దగ్గర. ఆ ని చుట్టూ ఆవిడ పెన్సిల్‌తో సున్న చుట్టింది. పేజీ చివర, పెన్సిల్‌తోనే, ఒక చిన్న వరస రాసి ఉంది. తొందరగా రాసిన గొలుసుకట్టు రాత. అది చదవడానికి నాకు రెండు రోజులు పట్టింది. టీచరుగారిని అడగలేదు. నేనే చదవాలనిపించింది.

"ఇక్కడ ఏ ని? బాబుని అడగాలి."

మనలాంటి వాళ్ళకి ఒక మాట చెప్పాలి. కర్ణాటక సంగీతంలో ని అని రాస్తే ఏ ని అన్నది అక్షరం చెప్పదు, రాగం చెప్పాలి. నటభైరవిలో ఒక ని, కీరవాణిలో దానికి అర మెట్టు పైన ఇంకో ని. మిగతా ఆరు స్వరాలూ ఒకటే. కాబట్టి కారులో ఆవిడ వాదన అంతా ఈ ఒక్క అక్షరం మీదే. గుర్తున్నంతవరకు రాసింది, అక్కడ జ్ఞాపకం తడబడింది. పెట్టె ఉంటే మీట నొక్కి వినేది. వాణ్ణి అడుగుదామంటే వాడు తలుపు వేసుకుని ఉన్నాడు. తర్వాత స్కూలు తెరిచారు, నవరాత్రులు వచ్చాయి, ఇంకో కీర్తన వచ్చింది. తర్వాతి పేజీ అక్టోబరుది.

సియాటిల్‌కి ఫోను చేశాను. మాకు ఆదివారం మాటలు ఉంటాయి. ఆరోగ్యం, వాతావరణం, మందులు వేసుకున్నావా. ఇది బుధవారం. వాడు కంగారుపడ్డాడు.

"నాన్నా, ఏమైంది?"

"ఏం కాలేదురా. అమ్మ నిన్నొకటి అడగమంది."

అటువైపు చప్పుడు లేదు. నా మాట నాకే విచిత్రంగా వినిపించింది. పేజీ ఫొటో తీసి పంపాను. చూశాడు. "ఇది అమ్మ రైటింగ్. నాకు చదవడం రాదు కదా నాన్నా. ఏముంది అందులో?"

"చదువుతా, విను" అన్నాను. వాడికి నేను తెలుగు చదివి వినిపించడం అదే మొదటిసారి. వాడికి నలభై దాటాయి. పేరు చదివాను, తేదీ చదివాను, తాళం, రాగం, ప్రశ్న గుర్తు, అన్నీ. చివరి వరస చదివాను.

"మళ్ళీ చదువు."

మళ్ళీ చదివాను.

కొంచెం సేపు ఊరుకున్నాడు. తర్వాత వాడే, గొంతు సవరించుకుని, హమ్ చేయడం మొదలుపెట్టాడు. మొదటి ముక్క రెండుసార్లు, తర్వాత నెమ్మదిగా వచ్చేది. నేను ఫోను స్పీకరులో పెట్టి కీబోర్డు మీద వెంట వెళ్ళాను. ఆ ని దగ్గరికి రాగానే నా తెల్ల మెట్టు, వాడి గొంతు కలవలేదు.

"అది కాదు నాన్నా. దాని పక్కన బ్లాక్ కీ. కుడివైపు."

నొక్కాను. కలిసింది.

"గేమ్‌బాయ్ సంగతి..." అని నేను మొదలుపెట్టాను. ఇరవై ఎనిమిదేళ్ళుగా మొదలుపెట్టనిది. వాడు ఇంగ్లీషులో ఏదో అన్నాడు, పరవాలేదు అన్న అర్థం వచ్చేది, కానీ పరవాలేదు అని కాదు. తర్వాత తెలుగులో, "ఇంకోసారి పాడదామా? మొదటి నుంచి" అన్నాడు.

పాడాం. వాడు పాడాడు, నేను నొక్కాను. ఒక వేలే కాబట్టి వాడు నా కోసం నెమ్మదిగా పాడాడు.

ఫోను పెట్టేశాక పెన్సిల్ చెక్కాను. ఆవిడ చుట్టిన సున్న పక్కన కొంచెం ఖాళీ ఉంది. కీరవాణి ని కి ఒక పేరుంది, కాకలి నిషాదం. నిషాదంలో ష రాయడం నాకింకా సరిగ్గా రాదు, అందుకని పొట్టిగా రాశాను. క కి తలకట్టు మర్చిపోలేదు.

"కాకలి ని. బాబు చెప్పాడు."